ఆరోవిల్: అడిగి తెచ్చుకున్న చట్టం

పుదుచ్చేరి పక్కనున్న ఆరోవిల్ పేరు మళ్లీ వార్తల్లో నానుతోంది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు అక్కడి నివాసుల్లో ఒక పెద్ద వర్గానికీ కేంద్రం నియమించే పాలకమండలికీ మధ్య సాగుతున్న వ్యాజ్యాలను ఒక కొలిక్కి తెచ్చాయి గానీ గొడవను చల్లార్చలేదు. ‘క్రౌన్’ అనే వలయ రహదారికి జాతీయ హరిత ట్రైబ్యునల్ వేసిన బ్రేకును ఒక తీర్పు తీసేసింది. ఊరి నిర్మాణ వ్యవహారాలు చూసే టౌన్ డెవలప్‌మెంట్ కౌన్సిల్‌లో ఎవరుండాలో నిర్ణయించే అధికారం పాలకమండలిదేనని రెండో తీర్పు తేల్చింది. బయటినుంచి చూసేవారికి ఇది చెట్లకూ రోడ్డుకూ మధ్య తగువులా కనిపిస్తుంది. కానీ ప్రపంచంలోని మనుషులంతా ఒక్కటిగా బతకగలరని చూపించడానికి కట్టుకున్న ఊళ్లో చివరి మాట ఎవరిదన్నదే అసలు తగువు. దాని మూలం 1980లో ఉంది.

1968 ఫిబ్రవరి 28న 124 దేశాల మట్టిని ఒక పాత్రలో పోసి శ్రీ అరవిందుల ఆధ్యాత్మిక సహచరి ‘మదర్’ మీరా అల్ఫాసా ఊరిని ప్రారంభించడం, మనిషి చైతన్యం ఇంకా పైమెట్టు ఎక్కుతుందన్న శ్రీ అరవిందుల దర్శనం, బంగారు రేకుల మాతృమందిరం చాలామందికి తెలిసినవే. నేటి తగువుకు సంబంధించి మాత్రం ఒక్కటి గుర్తుంచుకోవాలి. మదర్ రాసిన నాలుగు అంశాల చార్టర్‌లో మొదటిదాని ప్రకారం ఆరోవిల్ ప్రత్యేకంగా ఎవరిదీ కాదు, యావత్ మానవజాతిది. అయితే రిజిస్ట్రారు ఆఫీసులో మానవజాతి పేరు రాయడం కుదరదు కదా. భూములు మదర్ స్థాపించిన శ్రీ అరబిందో సొసైటీ పేరన ఉండేవి. విరాళాలూ, ప్రభుత్వ గ్రాంట్లూ ఆ సొసైటీకే వచ్చేవి. మదర్ ఉన్నన్నాళ్లూ ఆమె మాటే శాసనం కాబట్టి పత్రాల మీద ఎవరి పేరుందో ఎవరూ అడగలేదు.

1973 నవంబరు 17న ఆమె కన్నుమూశారు. ఆ తర్వాత పత్రాల మీది పేరుకు ప్రాణం వచ్చింది. భూమి మాది, నిధులు మావి, నడిపేదీ మేమేనని సొసైటీ అంది. ఇక్కడ బతుకుతున్నది, చెమటోడుస్తున్నది మేమని నివాసులు అన్నారు. అప్పట్లో ఆ నేల ఎలా ఉండేదో తెలిస్తే ఆ మాట బరువు అర్థమవుతుంది. చెట్టూ చేమా లేని ఎర్రనేల మెట్ట అది. వానొస్తే పైమట్టి కోసుకుపోయి గండ్ల వెంట సముద్రంలో కలిసేది. తొలితరం నివాసులు నీళ్లు జారిపోకుండా పొలాల చుట్టూ కట్టలు పోశారు. గడ్డపారలతో గుంతలు తవ్వి, ఎద్దుబండ్ల మీద నీళ్లు తెచ్చి మొక్కలు బతికించారు. ముందు ఎండకు తట్టుకుని తొందరగా ఎదిగే తుమ్మ జాతి చెట్లు వేశారు. అవి నీడనిచ్చాక, ఆ నీడలో తీరప్రాంతపు సతతహరిత అడవికి చెందిన స్థానిక జాతులను నాటారు. ఈరోజు గొడవలో వినిపిస్తున్న అడవి అలా వచ్చింది. అందులో తనంతట తాను మొలిచింది తక్కువ.

సొసైటీతో వివాదం ముదిరి కోర్టులూ పోలీసు కేసుల దాకా వెళ్లింది. నిధుల నిర్వహణ మీద ఫిర్యాదులు ఢిల్లీ చేరాయి. పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్ అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ, సొసైటీ నిర్వహణలో తీవ్రమైన అవకతవకలు ఉన్నాయనీ, నిధులు పక్కదారి పట్టాయనీ చెప్పింది. 1980 నవంబరులో ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, ఆ వెంటనే దాన్ని చట్టం చేసింది. ఆరోవిల్ నిర్వహణ సొసైటీ చేతుల్లోంచి కేంద్రం చేతుల్లోకి వెళ్లింది. రెండేళ్లకని మొదలైన ఏర్పాటు పొడిగింపుల మీద పొడిగింపులతో 1988 దాకా నడిచింది.

ఇది పైనుంచి వచ్చి పడ్డ చట్టం కాదు. నివాసుల్లో ఎక్కువమంది దీన్ని కోరుకున్నారు, ఊపిరి పీల్చుకున్నారు. ప్రభుత్వాల ప్రమేయం లేని సమాజాన్ని కడదామని వచ్చినవాళ్లే ప్రభుత్వ రక్షణ అడిగారు. ఆ రోజుకు వారికి మరో దారి కనిపించలేదన్నదీ నిజమే.

సొసైటీ ఊరుకోలేదు. మాది మత సంస్థ, మా వ్యవహారాల్లో జోక్యం రాజ్యాంగంలోని 25, 26 అధికరణలకు విరుద్ధమంటూ సుప్రీంకోర్టుకెక్కింది. 1982 నవంబరులో ఎస్.పి. మిట్టల్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం చట్టాన్ని నిలబెట్టింది. శ్రీ అరవిందుల బోధ తత్వమే తప్ప మతం కాదని మెజారిటీ తీర్పు. తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి మాత్రం ఈ ఒక్క విషయంలో వేరుపడ్డారు. ఆ బోధను, దాన్ని అనుసరించేవారిని మతపరమైన శాఖగా గుర్తించవచ్చని ఆయన రాశారు. అయినా చట్టం చెల్లుతుందన్నారు. ఎందుకంటే ఆరోవిల్ గుడి కాదు, ఒక పట్టణం. దేశాల మధ్య అవగాహన పెంచడం మతకార్యం కిందికి రాదు. దారులు వేరైనా అందరూ చేరింది ఒక్కచోటికే. ఆరోవిల్ లౌకిక వ్యవహారం కాబట్టి రాజ్యం అందులో చేయి పెట్టవచ్చు. సొసైటీ మీద నివాసులకు దక్కిన ఆ గెలుపు తర్వాతి కథకు పునాది అయింది.

1988లో వచ్చిన ఆరోవిల్ ఫౌండేషన్ చట్టం తాత్కాలిక ఏర్పాటును శాశ్వతం చేసింది. సొసైటీకి ఆరోవిల్‌లో ఉన్న ఆస్తులు ముందు కేంద్రానికి, దాని నుంచి కొత్త ఫౌండేషన్‌కు బదిలీ అయ్యాయి. పాలకమండలి, నివాసుల సభ, అంతర్జాతీయ సలహా మండలి అని మూడు అంగాలు పెట్టారు. పాలకమండలిలో తొమ్మిది మందికి మించకుండా సభ్యులుంటారు, అందరినీ కేంద్రమే పెడుతుంది. రిజిస్టర్‌లో పేరున్న, 18 ఏళ్లు నిండిన ప్రతి నివాసీ సభలో సభ్యుడే.

నేటి గొడవంతా ఈ చట్టంలోని రెండు సెక్షన్ల మధ్య ఉంది. మాస్టర్ ప్లాన్‌ను నివాసుల సభను సంప్రదించి పాలకమండలి తయారు చేయాలని 17వ సెక్షన్ అంటుంది. మాస్టర్ ప్లాన్‌ను రూపొందించడం నివాసుల సభ పని అని 19వ సెక్షన్ అంటుంది. అదే సెక్షన్ మొదట్లో, నివాసులకు సంబంధించిన విషయాల్లో సభ పాలకమండలికి ‘సలహా’ ఇస్తుందని ఉంది. ఒక ఊరి నక్షాను ఇద్దరి చేతుల్లో పెట్టి, ఇద్దరికీ పొసగకపోతే ఎవరి మాట నెగ్గాలో చట్టం విడమరిచి చెప్పలేదు. రాసినవాళ్లు ఆరోవిల్ మేలు కోరినవాళ్లే. పాలకమండలిలో కూర్చునేవాళ్లు ఎప్పటికీ తమలాంటివాళ్లే అయి ఉంటారని నమ్మారు.

ఆ నమ్మకం ముప్ఫై ఏళ్లు నిలిచింది. 1991లో డాక్టర్ కరణ్ సింగ్ అధ్యక్షుడిగా తొలి పాలకమండలి ఏర్పడింది. ఆ తర్వాత వచ్చిన మండళ్లు రోజువారీ వ్యవహారాలను నివాసులకే వదిలేశాయి. సమావేశాల మీద సమావేశాలు పెట్టి, ఏకాభిప్రాయం వచ్చేదాకా ఆగి నిర్ణయం తీసుకోవడం అక్కడి పద్ధతి. అది నెమ్మది, అప్పుడప్పుడూ విసుగు పుట్టించేంత నెమ్మది. కానీ అదే తమ సాధన అని వాళ్లు నమ్ముతారు. ఆనవాయితీ బలంగా ఉన్నంతకాలం చట్టంలో ఏముందో తీసి చూడాల్సిన పని పడలేదు.

2021లో కేంద్రం ఫౌండేషన్‌కు కొత్త కార్యదర్శిగా గుజరాత్ కేడర్ ఐఏఎస్ అధికారి జయంతి రవిని, పాలకమండలి అధ్యక్షుడిగా తమిళనాడు గవర్నర్ ఆర్.ఎన్. రవిని నియమించింది. శ్రీ అరవిందుల 150వ జయంతి దగ్గరపడుతున్న సమయమది. డిసెంబరులో క్రౌన్ రోడ్డు కోసం యూత్ సెంటర్ వద్దకు, అడవిలోకి జేసీబీలు వచ్చాయి. నివాసులు వాటికి అడ్డంగా నిలబడ్డారు. చెట్లు మాత్రం కూలాయి. హరిత ట్రైబ్యునల్ ముందు స్టే ఇచ్చింది. 2022 ఏప్రిల్‌లో, సరైన ప్రణాళిక తయారు చేసి పర్యావరణ అనుమతి తీసుకోమంది. సుప్రీంకోర్టు కొట్టేసింది ఈ ఉత్తర్వునే.

పాలకమండలి వాదనలోనూ పస ఉంది. యాభై వేల మందికి అనుకున్న ఊరు యాభై ఏళ్లు దాటినా మూడు వేల చిల్లర దగ్గరే ఆగిపోయింది. ఫ్రెంచి వాస్తుశిల్పి రోజర్ ఆంజే గీసిన నక్షత్రమండలం ఆకారపు నక్షాను మదరే ఆమోదించారు. 1999లో మాస్టర్ ప్లాన్‌ను ఒప్పుకున్నది నివాసుల సభే, 2010లో అది గెజిట్‌లోకి ఎక్కింది. ఒప్పుకున్న రోడ్డును ఇంకెన్నాళ్లు ఆపుతారని వాళ్ల ప్రశ్న.

నివాసుల జవాబు వినదగ్గది. రోడ్డే వద్దని వారిలో చాలామంది అనలేదు. స్కేలు పెట్టి గీసిన వలయం నేల మీదికి వచ్చేసరికి ఎక్కడ పెద్ద చెట్టుంది, ఎక్కడ వాననీటి పారుదల ఉంది, ఎక్కడ పిల్లలు కట్టుకున్న చోటుంది అన్నది చూసి, కొంచెం పక్కకు జరుపుకోవచ్చన్నారు. మాస్టర్ ప్లాన్ స్థూలమైన చిత్రమేననీ, దాని కింద వివరమైన ప్రణాళికలు అందరూ కూర్చుని వేసుకోవాలనీ వారి వాదన. దారి మీద కంటే తీరు మీదే వారి బాధ. మనుషుల ఐక్యత కోసం కట్టిన ఊళ్లో మొదటి పెద్ద రోడ్డు యంత్రాలతో, పోలీసు బందోబస్తుతో పడితే ఆ ఊరు దేనికోసమని వారు అడుగుతున్నారు. ఇంకో భయం కూడా ఉంది. అక్కడ ఎవరికీ సొంత భూమి లేదు, కట్టుకున్న ఇల్లూ ఫౌండేషన్‌దే. విదేశీ నివాసుల వీసాకు ఫౌండేషన్ సిఫారసు కావాలి. ఏళ్ల తరబడి అక్కడే బతుకుతున్నవారు ఎదురుమాట ఆడాలంటే ముందు వీసా గడువు చూసుకోవాల్సి వస్తోంది.

చుట్టూ ఉన్న కుయిలాపాళయం, ఎడయన్‌చావడి వంటి తమిళ గ్రామాల మాట ఈ రెండు పక్షాల రభసలో వినిపించదు. ఆరోవిల్ భూములు ఒకప్పుడు వారివే. అక్కడి వర్క్‌షాపుల్లో, తోటల్లో, ఇళ్లలో పనిచేసేవారిలోనూ ఎక్కువమంది వారే. సభలో ఓటు మాత్రం రిజిస్టర్‌లో పేరున్నవారికే.

ఆ రిజిస్టరే ఇప్పుడు కీలకం. 2023లో నివాసుల చేరిక, తొలగింపులకు పాలకమండలి కొత్త నిబంధనలు తెచ్చింది. ఎవరిని చేర్చుకోవాలన్నది 19వ సెక్షన్ ప్రకారం తమ సభ హక్కని నివాసులు అంటున్నారు. మరోవైపు ‘పర్‌స్పెక్టివ్ 2025’ పేరుతో ఉన్న ప్రస్తుత మాస్టర్ ప్లాన్ గడువు తీరింది. తర్వాతి ప్లాన్‌ను 17వ సెక్షన్ కింద పాలకమండలి తయారు చేస్తే సభను ఎంతవరకు సంప్రదించాలో, 19వ సెక్షన్ కింద సభ రూపొందిస్తే ఆ సభలో ఎవరుంటారో ఇంకా తేలలేదు. క్రౌన్ రోడ్డు పూర్తయినా కాకపోయినా, తర్వాతి వ్యాజ్యం ఈ రెండు సెక్షన్ల మీదే వస్తుంది.