ఈలిజిట్ట ఇంటిపేరు మారింది, పాట మారలేదు

విశాఖ పక్షి ప్రేమికుల మధ్య బుష్‌లార్క్ (పొదల్లో తిరిగే చిన్న చారల పిట్ట) వాదన మళ్లీ రాజుకుంది. మన జెర్డాన్ బుష్‌లార్క్‌ను, అంటే ఈలిజిట్టను, మొన్నటిదాకా ‘మిరాఫ్రా’ ప్రజాతిలో (శాస్త్రీయ నామంలో ఇంటిపేరు లాంటిది) వేసిన జాబితాలు ఇప్పుడు ‘ప్లోసియలాడా’ అంటున్నాయి. పాత నోట్సులో జాతి పేరు ‘అసామికా’ అని రాసి ఉన్నవాటిని ఏ జాతి కింద వేయాలి, ఫొటో ఒక్కటే చూసి జాతి చెప్పేయొచ్చా అన్నవి ఇప్పటి తగాదాలు.

1845లో ఆంగ్ల పక్షి శాస్త్రవేత్త బ్లైత్ పేర్లు పెట్టిన కథ పక్షి ప్రేమికులు చదివిందే. నా దృష్టిలో అసలు మలుపు 1998.

అంతకుముందు చాలాకాలం మన పిట్టకు సొంత జాతి హోదా లేదు. 1972లో వచ్చిన సలీం అలీ, రిప్లీల హ్యాండ్‌బుక్ అయిదో సంపుటం కూడా దాన్ని అస్సాం పిట్టకు (‘అసామికా’, నేటి బెంగాల్ బుష్‌లార్క్) ఉపజాతిగానే, ‘మిరాఫ్రా అసామికా అఫినిస్’గా చూపింది. అందులో వింతేమీ లేదు. మ్యూజియం బల్లమీద పక్కపక్కన పడుకోబెడితే ఇవన్నీ చారల గోధుమరంగు పిట్టలే, రెక్కలో కాస్త ఎరుపు. చచ్చిన పిట్ట పాడదు కదా.

1998లో స్వీడన్ శాస్త్రవేత్త పేర్ ఆల్‌స్ట్రోమ్ ‘ఫోర్క్‌టెయిల్’ పత్రికలో రాసిన వ్యాసం, ఈకలతోపాటు ఆ పాటనూ, పాడే తీరునూ లెక్కలోకి తీసుకుంది. బెంగాల్ బుష్‌లార్క్ గాల్లో చాలాసేపు తిరుగుతూ సన్నటి జంట కూతను మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. మన జెర్డాన్ బుష్‌లార్క్ ఎక్కువగా పొద కొసనో, కరెంటు తీగ మీదో కూర్చుని పొడిపొడిగా గలగలమంటుంది. పైకి లేచినా కాసేపే. పిట్టలు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది ఈ పాటతోనే. అలా ఒక్క ‘అసామికా’ నాలుగు జాతులైంది: బెంగాల్, జెర్డాన్, బర్మా, ఇండోచైనా బుష్‌లార్కులు.

విశాఖ పాత నోట్సులోని ‘అసామికా’ను ఇక్కణ్నుంచి చదవాలి. రాసినవారు తప్పు రాయలేదు, ఆనాటి పుస్తకం ప్రకారమే రాశారు. ఆ మాట చూసి ఇవాళ బెంగాల్ బుష్‌లార్క్ ఖాతాలో వేయడమే తప్పు.

మంచి ఫొటోలో తోక పొడవు, కనుబొమ గీత తెలుస్తాయన్నది ఫొటోవారి మాట. నిజమే. కానీ మన పొదల్లో ఇండియన్ బుష్‌లార్క్ కూడా ఉంది. ఈకలు అరిగిపోయిన రోజుల్లో రెండిటినీ బొమ్మలో విడదీయడం కష్టం. అదే పాడేటప్పుడు చూస్తే, ఇండియన్ పైకి లేచి, రెక్కలు పైకెత్తి, కాళ్లు వేలాడేసుకుని మెల్లగా దిగుతుంది. పసిపిల్లకైనా తేడా తెలుస్తుంది.

2013లో లార్కుల కుటుంబం మీద వచ్చిన డీఎన్‌ఏ అధ్యయనం, పైరూపం ఈ కుటుంబంలో ఎంత మోసం చేస్తుందో చూపింది. 2023 అధ్యయనం మిరాఫ్రాను నాలుగు ప్రజాతులుగా విడగొట్టి, 1998 నాటి నలుగురినీ ఇండియన్‌తో కలిపి ప్లోసియలాడాలో పెట్టింది. మారింది ఇంటిపేరే. జాతుల గట్లు 1998లో వేసినవే.

బ్రిటిష్ వైద్యుడు, పక్షి పరిశోధకుడు జెర్డాన్ 1860ల్లో తన పుస్తకంలో ఈ పిట్టకు తెలుగు పేరు ‘ఈలిజిట్ట’ అనీ, ఇండియన్‌కు ‘చిన్న ఈలిజిట్ట’ అనీ రాసుకున్నాడు. ఈల వేసే పిట్ట అన్న అర్థం అందులో వినిపిస్తుంది. పేరు పెట్టినవాళ్లు చెవితోనే పట్టుకున్నారు. ఎర్రమట్టి దిబ్బల వైపు వెళ్లేవారు ఫొటో కింద ఒక్క ముక్క చేర్చితే సగం తగాదా తీరుతుంది: కూర్చుని పాడిందా, ఎగిరి పాడిందా? ఫోనులో అర నిమిషం పాట కూడా ఉంటే మిగతా సగం.