తాగునీటి తనిఖీ ఉద్యోగం: అపోహలు – వాస్తవాలు

తాగునీటి నాణ్యతను నియంత్రించే సంస్థలో పనిచేస్తానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "అయితే మా కుళాయి నీళ్లు తాగొచ్చా?" అని. ఇంట్లో ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలుంటే రెండోది కూడా వస్తుంది: "దీనికి ఏం చదవాలి?" మొదటిదానికి పరీక్ష చేయకుండా జవాబు చెప్పను. రెండోదానికి చెప్పబోతే ముందు కొన్ని అపోహలు దాటుకుని వెళ్లాలి.

అపోహ: సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌కి పంపడమే పని.

శాంపిల్ తీయడం ఇందులో చిన్న భాగం. నీళ్లలో ఇ.కోలై (మలం కలిసిందని పట్టిచ్చే బ్యాక్టీరియా) ఉందో లేదో తేలడానికి మామూలు పద్ధతుల్లో 18 నుంచి 24 గంటలు పడుతుంది. రిపోర్టు చేతికొచ్చేలోపు ఆ నీళ్లు జనం తాగేసి ఉంటారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టన్నమాట. పైగా లక్షల లీటర్ల తరఫున సాక్ష్యం చెప్పాల్సింది 100 మిల్లీలీటర్ల నీళ్లు.

అందుకే మేం నీళ్లకన్నా నీళ్లు వచ్చే దారిని ఎక్కువగా చూస్తాం. బావి చుట్టూ ఏముంది? గట్టి వాన పడితే అందులోకి ఏం కొట్టుకొస్తుంది? ఫిల్టర్ ఎన్నాళ్లకోసారి కడుగుతున్నారు? కరెంటు పోతే, క్రిములను చంపే క్లోరిన్‌ను నీళ్లలో కలిపే పంపు ఆగిపోతుందా, ఆగిన సంగతి ఎవరికి, ఎంతసేపటికి తెలుస్తుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో తన మార్గదర్శకాల్లో 'నీటి భద్రతా ప్రణాళిక' పద్ధతిని ముందుకు తెచ్చింది కూడా ఈ ఆలోచనతోనే: చివర్లో పరీక్ష చేసి ఊరుకోకుండా, మొదటి నుంచీ ప్రమాదం ఎక్కడ పుట్టొచ్చో వెతకాలి.

అపోహ: రికార్డులన్నీ బాగుంటే నీళ్లు బాగున్నట్టే.

నా ఉద్యోగంలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది.

కొత్తలో ఒక చిన్న శుద్ధి కేంద్రానికి తనిఖీకి వెళ్లాను. లాగ్‌బుక్ తెరిస్తే ముచ్చటేసింది. మూడు నెలల పాటు ఒక్క రోజూ వదలకుండా క్లోరిన్ రీడింగ్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు. కొట్టివేత అన్నదే లేదు. బాగా రాశారని మెచ్చుకున్నాను కూడా. నాతో వచ్చిన సీనియర్ మాత్రం పేజీలు తిప్పి, "నీళ్లు ఇంత క్రమశిక్షణగా ఉంటాయటమ్మా?" అని, టెస్ట్ కిట్ చూపించమని ఆపరేటర్‌ని అడిగారు. క్లోరిన్ పరీక్షకు నీళ్లలో కలపాల్సిన మందు ప్యాకెట్ సీలు కూడా తీయలేదు. గడువు ఎప్పుడో దాటిపోయింది. అన్నీ కాకిలెక్కలే.

ఆ ఆపరేటర్ దొంగేమీ కాదు. మీటర్ పాడై నాలుగు నెలలైంది, కొత్తది అడిగితే రాలేదు, గడి ఖాళీగా వదిలేస్తే పైవాళ్ల తిట్లు. 0.5 రాస్తే ఎవరూ ఏమీ అనరు. ఎవరూ ఏమీ అనలేదు కూడా, మేం వెళ్లేదాకా.

ఇదే తప్పు కెనడాలో ఒంటారియోలోని వాకర్టన్‌లో ప్రాణాలు తీసింది. అది 5,000 మంది జనాభా ఉన్న చిన్న పట్టణం. 2000 మే నెలలో కురిసిన భారీ వర్షాలకు పశువుల పేడలోని ఇ.కోలై ఓ157 అనే ప్రమాదకరమైన రకం లోతు తక్కువ బావి ఒకదానిలోకి చేరింది. 7 మంది చనిపోయారు, సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. అక్కడి ఆపరేటర్లు ఏళ్ల తరబడి క్లోరిన్ కొలవకుండానే లాగ్‌బుక్‌లో 0.5, 0.75 అని నింపుతూ వచ్చారని విచారణలో తేలింది. పరీక్ష చేసిన ల్యాబ్ చెడ్డ ఫలితాన్ని నీటి సరఫరా చేసేవాళ్లకు మాత్రమే పంపింది. ఆరోగ్య శాఖకు నేరుగా చెప్పాలన్న నిబంధన అప్పటికి లేదు. ఆరోగ్య అధికారులు ఫోన్ చేసి అడిగితే, నీళ్లు బాగానే ఉన్నాయని సరఫరావాళ్లు నమ్మబలికారు. ఆ బావి దగ్గర క్లోరిన్‌నీ మురికినీ ఆగకుండా కొలిచే మీటర్లు ఉండుంటే ఈ ఘోరం ఆగేదని విచారణ తేల్చింది.

ఆ చిన్న కేంద్రం తనిఖీ నుంచీ అందంగా ఉన్న లాగ్‌బుక్ చూస్తే నాకు టెన్షన్. 0.4, 0.6, ఒక రోజు 0.1, పక్కన "పంపు జామ్ అయింది, 9:40కి బాగుచేశాం" అని గీకి ఉంటే హాయిగా ఉంటుంది. అలా నిజం రాసినవాణ్ణి శిక్షిస్తే మరుసటి నెల నుంచి మళ్లీ 0.5లే వస్తాయి. ఫైన్లు వేసే అధికారం మాకుంది, వేస్తాం కూడా. కానీ దాన్ని ఎవరిమీద వాడకూడదో తెలియనివాళ్లు ఈ పనికి పనికిరారు.

అపోహ: కెమిస్ట్రీ చదివినవాళ్లకే ఈ ఉద్యోగం.

మా బృందంలో మైక్రోబయాలజీ, సివిల్ ఇంజినీరింగ్, ప్రజారోగ్యం, లా చదివినవాళ్లు ఉన్నారు. నేను చూసిన ఇన్‌స్పెక్టర్లలో గట్టివాళ్లు శుద్ధి కేంద్రాల్లో వాల్వులు తిప్పి వచ్చినవాళ్లే, మోసం ఎక్కడ దాక్కుంటుందో వాళ్లకు తెలుసు. సరఫరా సంస్థల్లోనూ, ల్యాబుల్లోనూ, కన్సల్టెన్సీల్లోనూ ఇదే పని ఇంకోవైపు నుంచి చేసేవాళ్లు కావాలి. రాయడం మాత్రం అందరికీ రావాలి. సగం రోజు రిపోర్టులతోనే గడుస్తుంది.

అపోహ: భద్రత అంటే విషం కలపకుండా కాపలా కాయడం.

సినిమాల్లో అలాగే ఉంటుంది. పెద్ద జలాశయంలో ఎవరో ఏదో కలిపినా అది పలచబడిపోతుంది. నాకు భయం తాళాలంటే.

1988 జులైలో ఇంగ్లండ్‌లోని కామెల్‌ఫర్డ్ ప్రాంతానికి నీళ్లిచ్చే కేంద్రానికి, మామూలుగా వచ్చే డ్రైవర్ బదులు వేరే అతను, నీళ్లలోని మురికిని పేరబెట్టడానికి వాడే అల్యూమినియం సల్ఫేట్ 20 టన్నులు తెచ్చాడు. అక్కడ మనుషులు లేరు. చేతిలో ఉన్న తాళంచెవి ఆ సంస్థలోని దాదాపు అన్ని తాళాలకూ పట్టేది. తెరిచి, తప్పు ట్యాంకులో పోసేసి వెళ్లిపోయాడు. అది శుద్ధి అయిన నీళ్ల ట్యాంకు. అసలేం జరిగిందో జనానికి రెండు వారాలు దాటేదాకా చెప్పలేదు.

ఇప్పుడు తాళంచెవుల స్థానంలో పాస్‌వర్డ్‌లు వచ్చాయి. 2023 నవంబర్‌లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో అలిక్విపా అనే ఊరి పంపింగ్ స్టేషన్ కంట్రోలర్‌లోకి (పంపులను నడిపే చిన్న కంప్యూటర్‌లోకి) హ్యాకర్లు చొరబడ్డారు. సిబ్బంది చేత్తో నడిపి సరఫరా నిలబెట్టారు, నీళ్లకు ఏమీ కాలేదు. ఆ రకం కంట్రోలర్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఉండే పాస్‌వర్డ్ 1111. తనిఖీకి వెళ్లినప్పుడు పాస్‌వర్డ్ మార్చారా అని నేనిప్పుడు క్లోరిన్ కంటే ముందే అడుగుతున్నాను.

అపోహ: తేడా వస్తే 'మరగబెట్టుకోండి' అని ప్రకటిస్తే చాలు.

సూక్ష్మక్రిములైతే మరగబెట్టడం మంచి మందే. 1993లో అమెరికాలోని మిల్వాకీలో సుమారు 4 లక్షల మందిని జబ్బుపరిచిన క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్‌కు లొంగదు కానీ, మరిగే నీళ్లకు చస్తుంది. అదే నైట్రేటో సీసమో అయితే మరగబెడితే నీరు ఆవిరై విషం చిక్కబడుతుంది. అర్ధరాత్రి ఫోన్ మోగినప్పుడు ముందు తేల్చాల్సింది అది ఏ రకం తేడా అన్నది. ఆలస్యంగా చెబితే జనం జబ్బుపడతారు. ప్రతి చిన్నదానికీ ప్రకటిస్తే అసలు రోజున ఎవరూ వినరు. చేతిలో ఉండేది ఒకటో రెండో రీడింగులు, అవీ నమ్మదగినవో కాదో తెలీదు. ఏ కోర్సులోనూ దీన్ని నేర్పడం నేను చూడలేదు.

ఇంటర్వ్యూల్లో కొత్తవాళ్ల ముందు నేనొక లాగ్‌బుక్ పేజీ పెడతాను. 30 రోజులు, 30 గళ్లు, అన్నిట్లో 0.5. చాలామంది ప్రమాణాలతో పోల్చి "సరిగ్గానే ఉంది" అంటారు. కిందటిసారి ఒకమ్మాయి కాసేపు చూసి, "మీటర్ ఎక్కడుందండీ?" అని అడిగింది. వచ్చే నెలలో చేరుతోంది.