హైదరాబాద్–దుబాయ్: ఎంత దూరం, ఎంతసేపు? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను ఫ్లైట్ డిస్పాచర్‌ని. విమానం బయలుదేరకముందే దాని దారి, ఇంధనం, పట్టే సమయం లెక్కకట్టడం నా పని. తెలిసినవాళ్లు ఎక్కువగా అడిగేది దుబాయ్ గురించే. ఫోన్‌లో కిలోమీటర్లు చూసుకుని, ఆ లెక్క మీదే అక్కడి నుంచి ఇంకో టికెట్ కొనేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

అపోహ: దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం తెలిసిపోతుంది.

వాస్తవం: శంషాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశమార్గాన నేరుగా కొలిస్తే సుమారు 2,550 కి.మీ. జెట్ విమానం గంటకు దాదాపు 830 కి.మీ. పోతుంది కాబట్టి మూడు గంటలు చాలనిపిస్తుంది. కానీ ఆ 830 చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. ఆ గాలి కూడా కదులుతూ ఉంటుంది. గంటకు 100 కి.మీ. ఎదురుగాలి ఉంటే అదే దూరానికి మూడున్నర గంటలు పడుతుంది. అదే గాలి వెనక నుంచి వీస్తే రెండుముప్పావు చాలు. చలికాలంలో ఎత్తులో పడమర నుంచి వీచే గాలులు బలంగా ఉంటాయి, దుబాయ్ మనకు పడమర వైపే, అందుకే వెళ్లేటప్పుడు ఆలస్యం, వచ్చేటప్పుడు త్వరగా.

ఇంకో సంగతి. టికెట్ మీద ఉండే సమయం గేటు నుంచి గేటుకు. రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, ఎత్తుకు ఎక్కడం, దిగేముందు వరుసలో చక్కర్లు కొట్టడం అన్నీ అందులోనే. అందుకే నాలుగు గంటలకు అటూఇటూగా వేస్తారు. రెండు విమానాలకు వేర్వేరు పీఎన్‌ఆర్‌లు (బుకింగ్ నంబర్లు) ఉంటే, మొదటిది ఆలస్యమైనా రెండోది మీకోసం ఆగదు. మధ్యలో సమయం దండిగా ఉంచుకోండి.

అపోహ: భూమి తిరగడం వల్లే తిరుగు ప్రయాణం త్వరగా అవుతుంది.

వాస్తవం: భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది. విమానం కింద భూమి తూర్పుకు జరిగిపోతుందనుకుంటే పడమరకు వెళ్లడమే తేలిక కావాలి, జరిగేది దానికి విరుద్ధం. పైగా వర్షాకాలంలో దక్షిణ భారతం మీద ఎత్తులో గాలులు తూర్పు నుంచి వీస్తాయి. భూమి మాత్రం దిశ మార్చుకోదు కదా!

అపోహ: దగ్గరి దారే త్వరగా చేరుస్తుంది.

వాస్తవం: 2016 అక్టోబర్‌లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ బదులు పసిఫిక్ మీదుగా నడిపింది. దాదాపు 1,400 కి.మీ. ఎక్కువ తిరిగినా, వెనుకగాలి వల్ల రెండు గంటలు కలిసొచ్చాయి. మా రంగంలో నాకు బాగా నచ్చే ఉదాహరణ ఇది. దారి మన చేతిలో లేని సందర్భాలూ ఉంటాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు గగనతలం మూసేయడంతో, ఢిల్లీ నుంచి యూరప్ వెళ్లేవి దక్షిణంగా చుట్టూ తిరగాల్సి వచ్చింది.

అపోహ: దిగే టైమ్‌లోంచి ఎక్కే టైమ్ తీసేస్తే సరి.

వాస్తవం: దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. ఇక్కడ ఉదయం 10కి ఎక్కి నాలుగు గంటలు ప్రయాణిస్తే అక్కడ 12:30కే దిగుతారు, రెండున్నర గంటలే పట్టిందనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో మూడున్నర గంటలు ఐదు గంటల్లా కనిపిస్తాయి. టికెట్ మీద వేసేవన్నీ ఆయా ఊళ్ల లోకల్ టైమ్‌లే.

తేదీతో ఇంకా జాగ్రత్త. గల్ఫ్ విమానాల్లో చాలా అర్ధరాత్రి దాటాకే ఉంటాయి. టికెట్ మీద 15వ తేదీ 00:30 అని ఉంటే, 14వ తేదీ రాత్రి 9:30 కల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి.