లోపల మనిషి ఉన్నట్టుండే కిటికీ

విజయనగరం

చిరంజీవులు చిన్నికి, బాబుకి అమ్మమ్మ ఆశీస్సులు.

దసరా సెలవులకు వచ్చినప్పుడు బాబు నా బల్ల మీది బొమ్మ రైల్వే స్టేషన్‌లోకి ఒంటి కంటితో తొంగి చూసి, "అమ్మమ్మా, లోపల స్టేషన్ మాస్టరు లేడు, తీగలే ఉన్నాయి" అన్నాడు. నిజమే. కిటికీలకు తేటగా ఉండే ప్లాస్టిక్ వేసి లోపల దీపం పెడితే బ్యాటరీ, తీగలు, జిగురు మరకలు కనబడక ఏమవుతాయి? మీరు వెళ్ళిన మర్నాడే ఆ కిటికీలన్నీ ఊడదీసి, మసక అద్దాలు చేయడానికి కూర్చున్నాను. ఎలా చేశానో ఇద్దరికీ రాస్తున్నాను.

ఆ స్టేషన్ నౌపడా–గుణుపురం లైనులోని చిన్న స్టేషన్ల పోలికతో కట్టుకున్నది. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ లైను మీద 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి బళ్ళు మొదలయ్యాయి. పట్టాల మధ్య దూరం 762 మి.మీ., అంటే రెండున్నర అడుగులు. టెక్కలిలో ఉన్నప్పుడు మేము ఎక్కింది ఆ చిన్న బండే. అది 2004లో ఆగిపోయింది, తరువాత బ్రాడ్‌గేజి వేశారు. నా బొమ్మ 1:87 కొలతలో, అంటే అసలులో 87వ వంతుగా ఉంది, అడుగుకు 3.5 మి.మీ. చొప్పున. అందుకే పట్టాల మధ్య 9 మి.మీ. మాత్రమే ఉంచాను. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉండే కిటికీ అందులో 14 మి.మీ. ఎత్తు, 10.5 మి.మీ. వెడల్పు అవుతుంది. చిన్ని బొటనవేలి గోరంత!

పకోడీలు పొట్లం కట్టిన కాగితం గుర్తుందా? నూనె తగిలిన చోట దీపానికి ఎదురుగా పెడితే వెలుగు అవతలికి వస్తుంది, తగలని చోట తెల్లగానే ఉంటుంది. కాగితంలో నారల మధ్య గాలి ఉంటుంది. వెలుగు నారలోంచి గాలిలోకి, గాలిలోంచి నారలోకి దాటిన ప్రతిసారీ దారి మళ్ళి చెదిరిపోతుంది. నూనె ఆ సందులు నింపేస్తే చెదరడం తగ్గుతుంది. మసక అద్దం చేయడం దీనికి తిరగేసిన పని. నున్నటి ప్లాస్టిక్ మీద లెక్కలేనన్ని సన్నటి గీతలు పెట్టి, వెలుగును చెదరనివ్వాలి.

ప్లాస్టిక్ కోసం ఎక్కడికో వెళ్ళక్కరలేదు. స్పైరల్ బైండింగ్‌కు పైన వేసే తేట షీటు చాలు. మా ఊరి మూడు లాంతర్ల కూడలి వైపు వెళ్ళినప్పుడు ఒక జెరాక్స్ దుకాణంలో అడిగి తెచ్చుకున్నాను. గీతలకు పెయింటర్లు వాటర్ పేపర్ అనే నల్లటి ఉప్పు కాగితం, 600 నంబరుది వాడాను. నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది. మొదట ఇంట్లో ఉన్న 80 నంబరుతో రుద్ది ఒక షీటు పాడుచేశాను. బొమ్మ మీద ఒక గీత 0.1 మి.మీ. మందం ఉందంటే, అసలు కిటికీ మీద అది దాదాపు 9 మి.మీ. గాడితో సమానం. అలాంటి అద్దం ఏ స్టేషన్‌లో ఉంటుంది చెప్పండి?

వంటగట్టు మీద షీటు పరిచి, నాలుగు చుక్కల నీళ్ళు వేసి, వేళ్ళతో చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దాలి. ఒకే వైపు గీస్తే గీతల వరస కనబడిపోతుంది. రుద్దుతున్నంతసేపూ షీటు తేటగానే ఉంటుంది, ఏమీ జరగలేదే అని మీకు దిగులు కలుగుతుంది. గుడ్డతో తుడిచి చూడండి, పాలు కలిపినట్టు మసకబారి ఉంటుంది! పకోడీ కాగితంలో నూనె చేసిన పనే ఇక్కడ నీళ్ళు చేశాయి, గీతల్లో నిండి వాటిని దాచేశాయి. కిటికీలను రుద్దిన తరువాతే కోయాలి. గోరంత ముక్కను వేలి కింద పట్టి రుద్దడం ఎవరి వల్లా కాదు. బ్లేడు పని అమ్మ చేత చేయించండి.

గరుకు వైపు లోపలికి పెట్టి అతికించండి. బయట నున్నటి మెరుపు ఉంటేనే అద్దంలా కనబడుతుంది. ఫెవికాల్ అంచులకు మాత్రమే, అగ్గిపుల్ల కొనతో రాయండి. మధ్యలో తగిలితే అక్కడ గీతలు నిండిపోయి తేట మచ్చ పడుతుంది. క్షణంలో అంటుకునే జిగురు మాత్రం వద్దు. దాని ఆవిరికి ప్లాస్టిక్ మీద తెల్లటి బూజులాంటి పొర కడుతుంది, అది మనం కోరిన చోట ఆగదు.

దీపాన్ని కిటికీకి ఎదురుగా పెడితే మసక అద్దంలోంచి కూడా చుక్కలా మెరుస్తుంది. అందుకని పసుపు ఛాయ ఎల్‌ఈడీని వెనక గోడ వైపు తిప్పాను. అట్ట గోడలకు లోపల ముందు నల్లరంగు వేసి, దాని మీద తెల్లరంగు వేశాను. నలుపు వెలుగును అట్టలోంచి బయటికి పోనివ్వదు, తెలుపు దాన్ని గదంతా పరుస్తుంది. మీ ఇంట్లో చంటివాడున్నాడు కాబట్టి బిళ్ళ బ్యాటరీ వాడికి అందకుండా చూడండి. మింగితే ప్రాణం మీదికి వస్తుంది, ఇది మరచిపోకూడదు.

బాబూ, ఇప్పుడు నీ స్టేషన్ మాస్టరు సంగతి. మసక అద్దానికి ఆనుకుని ఉన్న వస్తువు స్పష్టంగా, దూరంగా ఉన్నది మబ్బుగా కనబడుతుంది. స్నానాలగది కిటికీకి అవతలి నుంచి చెయ్యి ఆనించి, మెల్లగా వెనక్కి తీయమని అక్కతో చెప్పి చూడు. అందుకే నల్ల కాగితంతో టోపీ, తల, భుజాలు కత్తిరించి అద్దానికి ఒక మిల్లీమీటరు వెనక నిలబెట్టాను. తల 2.6 మి.మీ. ఉంది, టోపీ అంచు మూడుసార్లు తెగిపోయింది. నిన్న సాయంత్రం కరెంటు పోయినప్పుడు స్టేషన్‌లో దీపం వెలిగించాను. కిటికీలో ఆయన తల వంచుకుని ఏదో రాస్తున్నట్టే ఉన్నాడు. మీ తాతయ్య చాలాసేపు అక్కడే నిలబడి చూశారు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ పాత బైండింగు పుస్తకాల మీది షీట్లు పారేయకుండా తీసుకురండి. గూడ్సు షెడ్డుకు ఇంకా ఆరు కిటికీలు మిగిలాయి.

ప్రేమతో,
అమ్మమ్మ