గెలాక్సీ ఫోటోల్లో రంగులు: సెన్సర్ మీద అపోహలు - వాస్తవాలు

గెలాక్సీలు తీయడం మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా తికమకపడేది రంగు దగ్గరే, సెన్సర్ కాంతిని ఎలా తీసుకుంటుందో తెలిస్తే ఇందులో చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

అపోహ: స్టాక్ చేసిన (చాలా షాట్లు ఒకటిగా కలిపిన) ఫోటో ఆకుపచ్చగా ఉంది, కెమెరా పాడైంది.

వాస్తవం: కెమెరా బానే ఉంది. సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెల్స్‌లో రెండిటి మీద గ్రీన్ ఫిల్టర్ ఉండటం వల్లే ఇలా అవుతుందని కూడా అంటారు, అదీ తప్పే, డీబేయర్ చేసేటప్పుడు (ఒక్కో రంగు పిక్సెల్స్ నుంచి పూర్తి రంగుల ఫోటో తయారుచేసేటప్పుడు) ఆ రెండిటినీ కూడరు కదా. సెన్సర్, గ్రీన్ ఫిల్టర్ కలిసి ఆకుపచ్చ కాంతిని ఎక్కువగా పట్టుకుంటాయి, అంతే. మామూలు ఫోటోల్లో వైట్ బ్యాలెన్స్‌తో కెమెరానే సరిచేస్తుంది, రా ఫైల్‌లో (సెన్సర్ ఇచ్చింది ఇచ్చినట్టే ఉండే ఫైల్) ఆ పని మనది.

అపోహ: కెమెరా మాడిఫై చేయిస్తే (సెన్సర్ ముందున్న ఫిల్టర్ తీయిస్తే) గెలాక్సీ రంగులన్నీ బాగా వస్తాయి.

వాస్తవం: అన్నీ రావు. మామూలు కెమెరాలో సెన్సర్ ముందుండే ఫిల్టర్ 656.3 నానోమీటర్ల హైడ్రోజన్ ఆల్ఫా కాంతిని చాలావరకు ఆపేస్తుంది, అది తీసేస్తే ఎం33 గెలాక్సీలో ఎన్‌జీసీ 604 లాంటి గులాబీ రంగు నెబ్యులాలు (వాయు మేఘాలు) చక్కగా తేలతాయి. కానీ గెలాక్సీ వెలుగులో ఎక్కువ భాగం నక్షత్రాలదే, ఆండ్రోమెడా గెలాక్సీ మధ్యలో పసుపు ముసలి నక్షత్రాల వల్ల, దాని స్పైరల్ చేతుల్లో నీలం కుర్ర నక్షత్రాల వల్ల, దానికీ మాడిఫికేషన్‌కీ పెద్ద సంబంధం లేదు. పైగా ఫిల్టర్ తీసేసి యూవీ-ఐఆర్ కట్ (అతినీలలోహిత, ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఆపే ఫిల్టర్) పెట్టకపోతే అసలుకే మోసం, ఇన్‌ఫ్రారెడ్‌ని రెడ్, గ్రీన్, బ్లూ మూడు ఫిల్టర్లూ లోపలికి వదిలేస్తాయి, ముసలి నక్షత్రాలు దాన్ని బాగా వెదజల్లుతాయి కాబట్టి మధ్యలోని పసుపు వెలిసిపోతుంది. నేను ఒక రాత్రంతా అలాగే తీశాను, ప్రాసెసింగ్‌లో ఎంత తంటాలు పడినా ఆ పసుపు తిరిగి రాలేదు.

అపోహ: ఎక్స్‌పోజర్ ఎంత పెంచితే అంత రంగు.

వాస్తవం: సెన్సర్ లీనియర్, కాంతి రెట్టింపైతే అంకె రెట్టింపవుతుంది, పిక్సెల్ నిండేదాకా మాత్రమే. మూడు ఛానెళ్లూ నిండితే మిగిలేది తెలుపే. ఆండ్రోమెడా మధ్యభాగానికి చిన్న ఎక్స్‌పోజర్లు విడిగా తీసి కలపండి.

అపోహ: రెండు కెమెరాల్లో రంగు వేరుగా వస్తే ఒకటి అబద్ధం.

వాస్తవం: ఒక్కో సెన్సర్ రెస్పాన్స్ కర్వ్ (ఏ రంగు కాంతిని ఎంత పట్టుకుంటుందో చూపే గీత) ఒక్కోలా ఉంటుంది. పిక్స్‌ఇన్‌సైట్ అనే ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌పీసీసీ అనే రంగు కాలిబ్రేషన్ టూల్ ఈ తేడానే లెక్కలోకి తీసుకుంటుంది, గయా శాటిలైట్ కొలిచిన నక్షత్రాల స్పెక్ట్రమ్‌లు తీసుకుని మన సెన్సర్, ఫిల్టర్ కర్వ్‌లతో లెక్కేసి ఏ నక్షత్రం ఏ నిష్పత్తిలో కనబడాలో చూసి సరిచేస్తుంది, కాబట్టి అందులో మీ సెన్సర్ పేరు సరిగ్గా ఎంచుకోండి, ఇది చాలామంది వదిలేస్తారు. ఇక దేన్ని తెలుపు అనుకోవాలి, సగటు స్పైరల్ గెలాక్సీనా, సూర్యుడి లాంటి జీ2వీ నక్షత్రాన్నా, అది మీ ఇష్టం, నేనైతే గెలాక్సీలకి స్పైరలే పెడతా. ఈ కాలిబ్రేషన్ కంటే ముందు గ్రేడియెంట్ (ఫోటోలో ఒకవైపు నుంచి ఇంకోవైపుకి మారే ఆకాశపు వెలుగు) తీసేయాలి, ఎందుకంటే లైట్ పొల్యూషన్ ఒక్కో ఛానెల్‌కి కొంత కాంతిని అదనంగా కలుపుతుంది, కాలిబ్రేషన్ మాత్రం గుణించడమే చేస్తుంది, కలిసిపోయినదాన్ని గుణించి విడదీయలేం.