పురుగుమందు విషం: రక్తపరీక్ష అంకె వెనక చరిత్ర

పురుగుమందు ఒంట్లోకి వెళ్లి ఆసుపత్రికి చేరిన రోగికి చేసే తొలి పరీక్షల్లో కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ స్థాయిని కొలిచేది ఒకటి. ఆ ఫలితం రాగానే బంధువులు అడిగేది మనిషి దక్కుతాడా అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఈ పరీక్ష పుట్టలేదు.

1936లో జర్మనీలోని ఐ.జి. ఫార్బెన్ సంస్థలో గెర్‌హార్డ్ ష్రాడర్ కీటకనాశినుల కోసం వెతుకుతూ టాబున్‌ను తయారుచేశారు. అది యుద్ధ రసాయనమైంది; ఆ పరిశోధనల్లోంచే పారాథియాన్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులూ వచ్చాయి. నాడుల సంకేతాలను మోసే ఎసిటైల్‌కోలిన్‌ను ఎప్పటికప్పుడు విడగొట్టే కోలినెస్టరేజ్ ఎంజైమ్‌ను ఇవి పనిచేయకుండా చేస్తాయి. దానితో చొంగ, చెమట, ఊపిరితిత్తుల్లో స్రావాలు పెరిగి, కండరాలు అదిరి, చివరికి శ్వాస ఆగిపోవచ్చు. ఎంజైమ్ ఎంత తగ్గిందో చూస్తే విషం ఎంత సోకిందో తెలుస్తుందన్న ఆలోచన ఇక్కడిదే. 1961లో ఎల్మన్, ఆయన సహచరులు ప్రకటించిన పద్ధతిలో పసుపు రంగు ఎంత త్వరగా చిక్కబడుతుందో చూస్తే సరిపోతుంది కనుక, కొలత మామూలు ప్రయోగశాలలకూ అందింది.

1974లో కాలిఫోర్నియా ఈ పరీక్షను పురుగుమందులతో పనిచేసే కార్మికుల రక్షణ కోసం వాడుకలోకి తెచ్చింది. అక్కడ మందు ముట్టకముందు తీసిన సొంత అంకెతోనే కార్మికుడి తరువాతి అంకెను పోలుస్తారు. అత్యవసర విభాగానికి వచ్చిన రోగికి అలాంటి పాత అంకె ఉండదు. ఆరోగ్యవంతుల్లోనే ఈ ఎంజైమ్ స్థాయి మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది కాబట్టి, సగం పోగొట్టుకున్న వ్యక్తి ఫలితం కూడా సాధారణ పరిధిలోనే కనిపించవచ్చు. పైగా ఎక్కువ చోట్ల కొలిచేది కాలేయం తయారుచేసి ప్లాస్మాలోకి (రక్తంలోని ద్రవభాగంలోకి) వదిలే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే రకాన్ని. కాలేయ జబ్బు, పోషకాహార లోపం, గర్భధారణ, వంశపారంపర్య లోపం వల్ల కూడా అది తగ్గుతుంది. నాడుల్లో ఉన్న ఎంజైమ్‌కు దగ్గరగా ఉండేది ఎర్ర రక్తకణాల్లోని ఎంజైమే అయినా, దాన్ని కొలిచే ప్రయోగశాలలు తక్కువ. నమూనాను వెంటనే చల్లబరచి పలుచన చేయకపోతే విషమూ విరుగుడూ నాళికలోనే తమ పని సాగిస్తాయి; అంకె దారిలోనే మారిపోతుంది.

2008లో ప్రచురితమైన శ్రీలంక రోగుల అధ్యయనం మరో చిక్కును బయటపెట్టింది. మింగిన మందు ఏదో తెలిస్తేనే చేరిక నాటి బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ విలువకు అర్థం ఉంటుందనీ, కొన్ని మందుల విషయంలో అది ఫలితాన్ని సూచించదనీ ఆ పరిశోధకులు తేల్చారు. డబ్బా లేకుండా వచ్చే రోగుల విషయంలో ఇది చిన్న షరతు కాదు.

గడ్డిమందు పారాక్వాట్ కథ వేరు. 1979లో ప్రౌడ్‌ఫుట్, ఆయన సహచరులు ప్లాస్మాలో ఆ మందు మోతాదునూ, మింగి ఎన్ని గంటలైందన్న లెక్కనూ ఒకే పటం మీద ఉంచి, గీతకు పైనున్నవారిలో బతికినవారు దాదాపు లేరని చూపారు. అక్కడ కొలిచేది విషాన్నే, ఎంజైమ్ మీద పడిన దాని నీడను కాదు. కాలం కూడా లెక్కలో ఉంది. నమ్మదగిన విరుగుడు లేకపోవడం కూడా ఆ అంచనా నిలవడానికి ఒక కారణమని నా అభిప్రాయం.

ఇటీవల రక్తంలోని లాక్టేట్, అమైలేజ్, గ్లూకోజ్, న్యూట్రోఫిల్–లింఫోసైట్ (రెండు రకాల తెల్ల రక్తకణాల) నిష్పత్తి వంటివాటితో రోగి గతిని అంచనా వేయడం మీద వ్యాసాలు వరసగా వస్తున్నాయి. ఇవి చౌక, త్వరగా దొరుకుతాయి. కానీ శరీరం ఎంత అవస్థలో ఉందో చెప్పే ఈ గుర్తులు సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్లంతా దెబ్బతినే స్థితి) లోనూ మారతాయి. ఒక ఆసుపత్రిలో కుదిరిన హద్దు మరోచోట కుదరకపోవచ్చు. కనుపాప, నాడి, శ్వాస, స్పృహ, కండరాల అదురు చూసి మార్కులు వేసే పెరదెనియ స్కేలుకు ప్రయోగశాలే అక్కర్లేదు. 1987లో శ్రీలంక వైద్యులు వర్ణించిన ‘ఇంటర్మీడియట్ సిండ్రోమ్’ అనే కండరాల బలహీనత, తొలి లక్షణాలు తగ్గాక, విషం సోకిన సుమారు ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మొదలవుతుంది. దాన్ని తరచూ మొదట పట్టిచ్చేది, రోగి దిండు మీంచి తల ఎత్తలేకపోవడం.