మీరు చూసిన క్లిప్పు, స్టూడియో వదిలిన క్లిప్పు ఒకటేనా? యానిమేషన్ సినిమాల మీద అపోహలు - వాస్తవాలు

రాబోయే యానిమేషన్ సినిమాది ఒక చిన్న క్లిప్పు బయటికి వస్తే చాలు, తెల్లారేసరికి తిరుపతిలో ఈ పని చేసేవాళ్ళకీ, నేర్పేవాళ్ళకీ ఒకే రకం మెసేజీలు. "ఏందన్నా ఇది, ఆగి ఆగి కదల్తా ఉండాది, దుడ్లు లేక ఇట్ల చేసినారా?" "అన్నా, స్వామి చేతిలో చక్రం పక్క మార్చేసినారు చూడు." "సార్, మావాడు యానిమేషన్ కోర్సులో చేరతానంటా ఉండాడు, జనాలు చూస్తే ఇట్ల తిడతా ఉండారు, చేర్పించేదా వద్దా?" 2025 జులై 25న మహావతార్ నరసింహ, సెప్టెంబరు 12న జపాన్ యానిమేషన్ సినిమా డీమన్ స్లేయర్ తెలుగు డబ్బింగు థియేటర్లలోకి వచ్చినప్పటి నుంచి ఇవి మరీ ఎక్కువయ్యాయి. ఆసక్తి పెరిగినందుకు సంతోషం. దాని వెంటే పెరిగిన పుకార్లకు మాత్రం జవాబు చెప్పక తప్పదు.

అపోహ: నా ఫోన్‌కి వచ్చిన క్లిప్పే స్టూడియో విడుదల చేసిన క్లిప్పు

అన్నిటికంటే ఎక్కువ చేటు చేస్తున్నది ఇదే. క్రెడిట్లలో పేర్లు వెతికి మరీ ఆర్టిస్టులను ఇన్‌స్టాగ్రామ్‌లో తిడుతున్నారు. సినిమా చూడొద్దని ప్రచారం చేస్తున్నారు. తీరా చూస్తే ఆ తప్పు అసలు క్లిప్పులో ఉండదు, ఎవరో మళ్ళీ ఎక్కించిన కాపీలో ఉంటుంది.

యూట్యూబ్‌లో ఇంకొకరి వీడియో ఎక్కిస్తే కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు పట్టేస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి కాపీ కొట్టేవాళ్ళు నాలుగు పనులు చేస్తారు: బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పేస్తారు, అంచులు కోసి పెద్దది చేస్తారు, వేగం కాస్త పెంచుతారు, గొంతు స్థాయి మారుస్తారు. వీటిలో మొదటి మూడూ యానిమేషన్‌ను ఒక్కో రకంగా చెడగొడతాయి.

ముందు తిప్పేయడం సంగతి. మన ఊళ్ళో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు, శ్రీవారి పై కుడి చేతిలో చక్రం, పై ఎడమ చేతిలో శంఖం. కింది కుడి చేయి పాదాలను చూపిస్తుంది, ఎడమ చేయి నడుము మీద ఉంటుంది. క్లిప్పును తిప్పేస్తే ఇవన్నీ తారుమారు. భక్తితో చూసేవాళ్ళకి మనసు కష్టపడటం సహజం, అందులో తప్పు లేదు. కానీ కోపం తెచ్చుకునే ముందు ఇంకో రెండు చోట్ల చూడండి. జంధ్యం ఎడమ భుజం మీద నుంచి రావాలి, చీర కట్టిన పాత్రకి పైట ఎడమ భుజం మీద ఉండాలి. అవి కూడా కుడి భుజం మీదికి వచ్చేశాయంటే, తిరిగింది శంఖు చక్రాలు కాదు, మొత్తం వీడియోనే. తెర మీద ఎక్కడన్నా అక్షరాలు ఉంటే ఇంకా సులువు. అందుకే కాపీల్లో అక్షరాలున్న చోట మసక పూస్తారు. ఆ మసకే మీకు ఆనవాలు.

తర్వాత కోయడం. వెడల్పాటి సినిమా తెర కొలత 2.39కి 1. మీ కంప్యూటర్‌లో అది 1920 వెడల్పు, సుమారు 804 ఎత్తు పిక్సెళ్ళు. దాన్ని రీల్ కోసం నిలువుగా 9కి 16 కొలతలో కోస్తే మిగిలే వెడల్పు దాదాపు 452 పిక్సెళ్ళు. అంటే బొమ్మలో నాలుగింట మూడు వంతులకు పైగా పోయినట్టే. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరే కనబడతారు, ఆ ఒకరి చూపు ఎటో పోయినట్టుంటుంది. "కళ్ళల్లో జీవం లేదు" అనే కామెంట్లు ఎక్కువగా ఈ నిలువు కాపీల కిందే చూస్తాం. చూపుకి ఎదురుగా ఉన్న మనిషిని కోసేశాక కళ్ళు ఎవరిని చూస్తాయి?

వేగం పెంచడం అన్నిటికంటే మోసకరం, ఎందుకంటే కంటికి చటుక్కున తెలియదు. పై నుంచి కిందపడే వస్తువు మొదటి సెకనులో 4.9 మీటర్లు దిగుతుంది. యానిమేటర్ ఆ లెక్కతోనే ఆ సెకనుకి 24 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు, పెడతాడు. వేగం 1.25 రెట్లు చేస్తే అంత ఎత్తు గోడ మీంచి దూకడం 0.8 సెకనులో అయిపోతుంది. 0.8 సెకనులో నిజంగా పడే దూరం 3.1 మీటర్లే కాబట్టి, దాదాపు 5 మీటర్ల గోడ మన కంటికి 3 మీటర్ల గోడలా అనిపిస్తుంది, దూకినవాడు చిన్న బొమ్మలా అనిపిస్తాడు. నరసింహుడు, హనుమంతుడు, రాక్షసుడు లాంటి భారీ పాత్రల్లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పెద్ద శరీరానికి బరువు వచ్చేది నిదానంలోనే. ఆ నిదానం తీసేసి, "బరువే లేదు, గాల్లో తేల్తా ఉండాడు" అంటే యానిమేటర్ ఏం చేయగలడు?

పట్టుకోవడం ఇలా. నిర్మాణ సంస్థ లేదా పంపిణీ సంస్థ సొంత ఛానెల్‌లో క్లిప్పు నిడివి చూడండి. అక్కడ 80 సెకన్లు ఉండి మీ దగ్గరున్నది 73 సెకన్లు ఉంటే, కత్తిరింపు ఏమీ లేకపోతే, వేగం 1.1 రెట్లు పెంచారన్నమాట.

ఇక ఎవరూ కావాలని చేయకపోయినా జరిగే నష్టం కంప్రెషన్, అంటే ఫైలు చిన్నది కావడానికి వీడియోను కుదించడం. థియేటర్‌కి వెళ్ళే డీసీపీ ప్రతిలో ఒక్కో రంగుకి 12 బిట్లు, అంటే 4096 మెట్లు. మామూలు ఫోన్ వీడియోలో 8 బిట్లు, 256 మెట్లే. పైగా ఫోన్ వీడియోలో వెలుగు ప్రతి పిక్సెల్‌కీ విడిగా దాస్తారు కానీ, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్ళకి కలిపి ఒక్కటే. అందుకే రాత్రి ఆకాశంలో చారలు, మంటల అంచుల్లో మసక, ఎర్రటి పట్టు మీద జరీ కలిసిపోవడం. వాట్సాప్‌లో చేతులు మారే కొద్దీ మళ్ళీ మళ్ళీ కుదించుకుపోయి ముఖం మైనపు ముద్దలా తయారవుతుంది. స్టూడియోలో చర్మం మీద రంధ్రాలు కూడా గీసి ఉంటారు, అవే ముందు మాయమవుతాయి.

కాబట్టి తీర్పు చెప్పే ముందు అసలు ఛానెల్‌కి వెళ్ళి, సెట్టింగుల్లో క్వాలిటీని ఆటో నుంచి తీసి 1080పి లేదా అంతకంటే పైన పెట్టండి. ఫోన్‌లో కంటికి హాయిగా ఉండేందుకు పెట్టే పసుపు రంగు మోడ్ ఆపండి, డిస్‌ప్లేలో వివిడ్ ఉంటే నేచురల్‌కి మార్చండి. అప్పటికీ తప్పు కనబడితే అది తప్పే, మొహమాటం లేకుండా చెప్పండి.

అపోహ: ఆగి ఆగి కదులుతోందంటే ఫ్రేములు మిగుల్చుకున్నారు

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ప్రతి ఫ్రేముకీ భంగిమ మారితే వన్స్ అంటాం, రెండు ఫ్రేములకి ఒకసారి మారితే టూస్, మూడింటికి ఒకసారి మారితే త్రీస్. చేత్తో గీసే యానిమేషన్‌లో టూస్ మొదటి నుంచీ ఉన్న పద్ధతి. కంప్యూటర్ బొమ్మల్లో కావాలని టూస్ పెట్టి మెప్పించిన సినిమా 2018లో వచ్చిన స్పైడర్ మ్యాన్: ఇన్‌టు ది స్పైడర్‌వర్స్. అందులో కొత్తగా నేర్చుకుంటున్న కుర్రవాణ్ణి టూస్‌లో, పక్కనే ఊగుతున్న అనుభవజ్ఞుణ్ణి వన్స్‌లో కదిలించారు. ఒకడి తడబాటు, ఇంకొకడి ఒడుపు మాట అవసరం లేకుండా తెలిశాయి. దానికి 2019లో ఆస్కార్ వచ్చింది. కాళహస్తి కలంకారీలో నల్ల గీత కనబడుతోందని ఎవరూ తప్పు పట్టరు. ఇదీ అలాంటి ఎంపికే.

మీరే చూసుకోవచ్చు. కంప్యూటర్‌లో యూట్యూబ్ వీడియో ఆపి ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు పోతుంది, కామా నొక్కితే వెనక్కి. వీఎల్‌సీ ప్లేయర్‌లో అయితే ఇంగ్లిష్ ఇ అక్షరం మీట. పాత్ర రెండు నొక్కులకి ఒకసారి కచ్చితంగా మారుతూ, కెమెరా మాత్రం ప్రతి నొక్కుకీ కదులుతుంటే అది ఆలోచించి పెట్టిన టూస్. లెక్క లేకుండా ఒకచోట రెండు, ఒకచోట నాలుగు, ఒకచోట ఒకటి ఆగుతుంటే కాపీలో ఫ్రేములు రాలిపోయాయని మొదటి అనుమానం.

ఇందులో నిజంగా తప్పు జరిగే చోటు కూడా చెప్పాలి. కెమెరా వన్స్‌లో పాత్ర వెంట పరిగెడుతూ, పాత్ర పూర్తిగా టూస్‌లో ఉంటే, పాత్ర తెర మీద ముందుకీ వెనక్కీ వణికినట్టుంటుంది. దాన్ని సరిచేయడానికి శరీరం ముందుకు సాగడాన్ని వన్స్‌లో పెట్టి, భంగిమను టూస్‌లో ఉంచుతారు. అప్పుడు పాదం జారే ప్రమాదం వస్తుంది, దాన్ని షాటు షాటుకీ చేత్తో దిద్దాలి. దిద్దకుండా వదిలేస్తే నేల మీద కాలు జారడం మీకు కనబడుతుంది, ఏ కాపీలో చూసినా కనబడుతుంది. అది విమర్శించాల్సిన తప్పు.

మీ తెర వల్ల వచ్చే తడబాటు వేరు. 60 హెర్ట్జ్ ఫోన్‌లో, అంటే తెర సెకనుకి 60 సార్లు మారే ఫోన్‌లో, 24 ఫ్రేములు సమంగా సర్దుకోవు, ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు పడుతుంది. కెమెరా పక్కకి జరిగే షాటులో అది తెలుస్తుంది. 120 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేముకి సరిగ్గా ఐదు, ఆ ఇబ్బంది లేదు. 90 హెర్ట్జ్‌లో మళ్ళీ సమానం కాదు. టీవీలో మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటే లేని ఫ్రేములను టీవీయే పుట్టిస్తుంది, చేతి వేళ్ళు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. దాన్ని ఆపేయండి.

విద్యార్థులకు ఇక్కడే గట్టిగా చెప్పాల్సింది ఉంది. కామెంట్లు చదివి భయపడి, మీ షోరీల్‌ను (మీ పని చూపించే వీడియోను) సాఫ్ట్‌వేర్‌లో వేసి 60 ఫ్రేములు చేయొద్దు. అందులో సగానికి పైగా ఫ్రేములు మెషీన్ ఊహించి పెడుతుంది. మీరు కష్టపడి పెట్టిన హోల్డ్ (పాత్రను కావాలని కదలకుండా నిలిపిన చోటు) కరిగిపోతుంది, చేయి వంపుగా తిరిగే చోట అడ్డదారి పడుతుంది, టూస్‌లో చేసిన షాటు అయితే కదిలి, ఆగి, కదిలి ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుంది. చూసే సూపర్‌వైజర్‌కి అది మొదటి షాటులోనే తెలిసిపోతుంది. మంచి పని చేసిన పిల్లలు ఇలా అవకాశాలు పోగొట్టుకోవడం బాధగా ఉంటుంది.

అపోహ: పాజ్ చేస్తే మూడు చేతులున్నాయి, ఇది ఏఐ పనే

అది స్మియర్ ఫ్రేము. వేగంగా కదిలే చేతిని సాగదీసి గానీ రెండు మూడుగా గానీ గీస్తారు. తెర మీద ఉండేది సెకనులో 24వ వంతు. దాన్ని ఆపి స్క్రీన్‌షాట్ తీసి తిప్పడం అన్యాయం. ముందు రెండు ఫ్రేములు, వెనక రెండు ఫ్రేములు చూడండి. చేయి ఒక దారిలో వచ్చి ఒక దారిలో పోతుంటే అది మనిషి గీసిందే. మీసం, నగలు, బట్ట అంచు కారణం లేకుండా ఫ్రేము ఫ్రేముకీ మారుతుంటే అప్పుడు అనుమానించండి. సినిమా మొదలే కాకముందు అపరిచిత ఛానెళ్ళలో వచ్చే "ట్రైలర్లు" చాలావరకు ఇలాంటివే.

అపోహ: అందరం అరిస్తే రిలీజుకి ముందు మార్చేస్తారు

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ సోనిక్. 2019 ఏప్రిల్ 30న ట్రైలర్ వచ్చింది, గొడవైంది, రూపం మార్చారు. నిజమే. దానికోసం విడుదలను 2019 నవంబరు 8 నుంచి 2020 ఫిబ్రవరి 14కి జరిపారు. పైగా అందులో తిరిగి చేయాల్సింది ప్రధానంగా ఒక్క పాత్రను, చుట్టూ ఉన్నది కెమెరాతో తీసిన మనుషులు, ఊళ్ళు. పూర్తి యానిమేషన్ సినిమాలో 90 నిమిషాలకు 1,29,600 ఫ్రేములు. ఒక్కోటి రెండర్ కావడానికి, అంటే కంప్యూటర్ తుది బొమ్మను తయారుచేయడానికి, 5 గంటలు అనుకున్నా, వెయ్యి మెషీన్లు రాత్రీ పగలూ తిరిగితే 27 రోజులు. పాత్ర ముఖం మారిస్తే రిగ్ (పాత్రను కదిలించే లోపలి ఎముకల ఏర్పాటు), చర్మం, జుట్టు, బట్టల సిమ్యులేషన్ (వాటి కదలికను కంప్యూటర్ లెక్కగట్టడం) మళ్ళీ మొదటికి వస్తాయి. చివరి నెలల్లో మారగలిగేవి రంగుల దిద్దుబాటు, శబ్దం, డబ్బింగు, కూర్పు. వాటి మీద మీ మాట చేరాలంటే "చెత్త" అని రాయకుండా "42వ సెకను దగ్గర మాట వినబడటం లేదు" అని రాయండి.

మిగతావి గబగబా

పెదవులు కలవడం లేదంటే నిర్లక్ష్యం అనుకోకండి. డబ్బింగు సినిమాలో బొమ్మ పెదవులు వేరే భాషకి కదిపినవి. డబ్బింగు రచయిత పెదవులు మూసుకునే చోటల్లా ప, బ, మ వచ్చే మాట వెతుకుతాడు. పైగా మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, నోరు మూసిన ఫ్రేము మీద తెలుగు వాక్యం ఆగడం కష్టం. తొలి క్లిప్పుల్లో తాత్కాలిక గొంతులు ఉండటమూ ఉంది.

బొమ్మల సినిమా అంటే పిల్లలదే అనే నమ్మకం తల్లిదండ్రులను ఇబ్బంది పెడుతుంది. టికెట్టు కొనేముందు సర్టిఫికెట్ చూడండి: యూ, యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+, ఏ. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి ఈ ఒక్క గుర్తు చాలు.

"పూర్తి సినిమా లీక్" అని వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) తెరవకండి. తెరిచి డబ్బు పోతే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. థియేటర్‌లో ఫోన్‌తో తీసి స్టేటస్ పెట్టడం కూడా సరదా కాదు. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం ప్రకారం సినిమాను అనుమతి లేకుండా రికార్డు చేస్తే 3 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 3 లక్షలకు తగ్గని జరిమానా.

ఇక కోర్సులో చేర్పించాలా వద్దా అని అడిగే అమ్మానాన్నలకు: కామెంట్లు చూసి నిర్ణయించకండి, పిల్లవాడి నోట్‌బుక్ చూడండి. మనుషులు నడవడం, కూర్చోవడం, బరువు ఎత్తడం చూసి గీస్తున్నాడా? బంతి ఎగిరి పడటం, గోనెసంచి దూకడం, ఒక మనిషి నడక, ఈ మూడు కసరత్తులు విసుగు లేకుండా పదేపదే దిద్దుకుంటున్నాడా? దిద్దుకుంటుంటే చేర్పించండి. చేరే ముందు ఆ సంస్థలో పోయిన ఏడాది విద్యార్థుల రీళ్ళు చూపించమని అడగండి, ఒక్కో షాటులో ఏ పని ఎవరు చేశారో చెప్పమనండి. చెప్పలేకపోతే ఫీజు కట్టకుండా వచ్చేయండి.